హెడ్ స్టే బోల్టు: ఈసారి గీత కదల్లేదు, ప్లేటే చీలింది

నా బండికి హెడ్ స్టే, అంటే ఇంజను పైనున్న సిలిండరు హెడ్డుని ఫ్రేముకి పట్టి ఉంచే రెండు ప్లేట్లు, దాని బోల్టు మాటిమాటికీ వదులయ్యేది. ఎట్టకేలకు ఆ బోల్టు నిలబడింది. గుంటూరు నుంచి బెజవాడ పోయి వచ్చాక కూడా నట్టు తిరిగితే తెలియడానికి దాని మీద గీసిన పసుపు గీత వెంట్రుకవాసి కదల్లేదు. ఆ సంబరం ట్యాంకు తీసి టార్చి వేసి చూసేదాకే. బోల్టు కదల్లేదు సరే, అది పట్టుకున్న ఎడమ ప్లేటు చీలింది. హెడ్డు వైపు రంధ్రం అంచు నుంచి ఏటవాలుగా 7 మి.మీ. పగులు. ఏదో గీరుకుందిలే అనుకుని గోటితో రాస్తే గోరు తట్టుకుంది. ప్లేటు ఊడదీసి కిరసనాయిలు పూసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రుద్దా. కాసేపటికి తెల్లటి పొడి మీద సన్నటి తడి చార తేలింది. తిప్పి చూస్తే రెండో వైపూ అదే చార. 4 మి.మీ. మందం మొత్తం తెగిందన్నమాట.

బండి గురించి రెండు ముక్కలు. పాత 350 సి.సి. ఒంటి సిలిండరు బండి, ఇంజను ఊపు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు లేని కాలం నాటిది. 60 మీద పోతుంటే ఇంజను నిమిషానికి సుమారు 3000 సార్లు తిరుగుతుంది, అంటే గంటకి 1,80,000 ఊపులు. పైగా దీంట్లో సగం మరలు ఇంచులవి, సగం మిల్లీమీటర్లవి. 5/16 ఇంచు బోల్టు లావు 7.94 మి.మీ., మిల్లీమీటర్ల ఎం8 లావు 8. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. అక్కడ ఆగకుండా పానాకి పైపు తగిలించి లాగే మహానుభావులు ఈ బండి చేతులు మారినప్పుడల్లా ఒకరైనా తగిలారని మరలు చూస్తేనే తెలుస్తుంది. హెడ్ స్టేకి మాత్రం ఎవరో ముందే ఎం8 వేశారు కాబట్టి ఆ గొడవ లేదు.

దీని గుట్టంతా లెక్కలో ఉంది. ఫ్రేము లగ్గు (బోల్టు దూరే చెవి) 12 మి.మీ., దానికి అటూ ఇటూ 4 మి.మీ. ప్లేట్లు, వెరసి బోల్టు పట్టుకునేది 20 మి.మీ. 8.8 గ్రేడు (బోల్టు బలం చెప్పే అంకె) ఎం8 బోల్టుని 25 న్యూటన్ మీటర్లకి బిగిస్తే పట్టు సుమారు ఒకటిన్నర టన్ను వస్తుంది. అంత లాగుడుకి ఆ బోల్టు సాగేది ఎంత? 0.04 మి.మీ. ఎం8 మర పిచ్ (ఒక చుట్టుకి నట్టు జరిగే దూరం) 1.25 మి.మీ. కాబట్టి ఆ సాగుడు నట్టు 12 డిగ్రీలు తిరగడంతో సమానం. ప్లేట్లు నొక్కుకోవడం కూడా కలుపుకుని 15, 20 అనుకుందాం. నా గీతేమో మొదట్లో 30 డిగ్రీలు వెనక్కి వచ్చేది. అది "కొంచెం లూజైంది" అనే బాపతు కాదు. పట్టు పూర్తిగా పోయి నట్టు ఊరికే మర మీద కూర్చుందని.

ప్లేటు చీలేదాకా ఏమేం చేశానో వరసగా చెప్తా. మొదటి అనుమానం పౌడర్ కోటింగ్ మీద. ముందు యజమాని ఫ్రేముకీ ప్లేట్లకీ నల్లగా మెరిసేలా కొట్టించాడు. వెర్నియర్‌తో కొలిస్తే ప్లేటు 4.16, గీకాక 4.00. ఒక్కో వైపు 0.08 అన్నమాట. ప్లేట్లకి నాలుగు పొరలు, లగ్గుకి రెండు, మొత్తం 0.48 మి.మీ. ప్లాస్టిక్కు ఆ బోల్టు కింద ఉంది. ఇంజను వేడికి అందులో పన్నెండో వంతు నలిగినా చాలు, బోల్టు సాగిన 0.04 హుష్. బోల్టు పడే చోట వాషరు వెడల్పున ఇనుము కనపడేదాకా గీకి, తుప్పు పట్టకుండా పల్చగా గ్రీజు రాసి బిగించా. వెనక్కి రావడం 30 నుంచి 15 డిగ్రీలకి తగ్గింది. పూత పాపం సగమే.

రెండోది స్ప్రింగ్ వాషరు, నట్టు వదలకుండా కింద వేసే మెలిక రింగు. దీని మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. బోల్టు పట్టు ఒకటిన్నర టన్ను, ఆ వాషరు నలిగి చదును కావడానికి అందులో చిన్న వంతు చాలు. చదునయ్యాక అదొక మామూలు వాషరే. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి చూపించింది ఇది: బోల్టుని నిలువుగా లాగడం కంటే, అది పట్టుకున్న ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జారితేనే నట్టు తనంతట తాను తిరిగి వదులవుతుంది. ఇప్పటికీ షాపుకెళ్ళి నట్టు అడిగితే స్ప్రింగ్ వాషరు చేతిలో పెట్టేస్తారు, వద్దంటే వింతగా చూస్తారు. తీసేసి గట్టి ప్లేట్ వాషర్లు వేశా. తేడా ఏమీ లేదు, మంచికీ లేదు, చెడ్డకీ లేదు.

మూడోది మరలకి వేసే జిగురు మందు లాక్‌టైట్ 243, నీలం రంగుది. కొత్తగా కొనేవాళ్ళకో మాట: సీసా సగం ఖాళీగా కనిపిస్తే కొట్టువాడితో తగవు పెట్టుకోకండి. గాలి తగులుతున్నంతసేపే అది నీళ్ళలా ఉంటుంది, గాలి ఆడని చోట ఇనుము తగిలితే గట్టిపడుతుంది, అందుకే సీసాలో ఖాళీ వదులుతారు. మరలు పెట్రోలుతో కడిగి, ఆరనిచ్చి, రెండు చుక్కలు వేసి, 24 గంటలు బండి ముట్టుకోకుండా వదిలేశా. మందు మీద నాకు ఫిర్యాదు లేదు, నట్టుని గట్టిగానే పట్టింది. కానీ ప్లేటు విప్పితే లగ్గుకీ ప్లేటుకీ మధ్య ఎర్రటి మెత్తటి పొడి. మిరపయార్డు ఉన్న ఊళ్ళో ఎవరైనా కారం అనుకునేంత అచ్చంగా ఉంది. వేలికి అంటించి కాగితం మీద రాస్తే తుప్పు చార. రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి సన్నగా రాసుకుంటూ ఉంటే రాలే పొడి అది. నట్టు తిరగకపోయినా జాయింటు జారుతూనే ఉంది. ఇంతకుముందు ఆ జారుడుకి నట్టు వదిలేసేది, ఇప్పుడు నట్టు వదలనంది కాబట్టి ప్లేటు తెగింది.

చీలిన ప్లేటు పట్టుకెళ్ళి మా వీధి చివర మెకానిక్ బాబాయ్‌కి చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బాయ్, పైన ఊడుతుందంటే కింద చూడాల. పైదాన్ని బిగిస్తే ఏంది, కింద ఫౌండేషన్ బోల్టు ఆడతంటే?" అన్నాడు. లెక్కలన్నీ వేసుకున్న నేను నోరు మూసుకుని ఇంటికొచ్చా.

ఫౌండేషన్ బోల్టులంటే ఇంజనుని కింద ఫ్రేముకి పట్టి ఉంచేవి. ముందు వైపుది ఎం10. టార్క్ పానా (పెట్టిన బిగుతు రాగానే టిక్కుమనేది) వేసి చూస్తే 45 న్యూటన్ మీటర్ల దగ్గర చక్కగా టిక్కుమంది, గీత కూడా చెక్కుచెదరలేదు. అందుకే ఇన్నాళ్ళూ దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. నట్టు వదులు చేసి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఆకుల కట్ట) దూరిస్తే బయటపడింది: ఎడమ వైపు ఫ్రేము లగ్గుకీ క్రాంక్‌కేసుకీ (ఇంజను కింది పెట్టెకీ) మధ్య 0.6 మి.మీ. సందు. కుడి వైపు 0.05 ఆకు కూడా దూరడం లేదు. బోల్టు బిగిస్తే ఆ సందు మూసుకుంటుంది, కానీ మూసుకునేది లగ్గు వంగడం వల్ల. బిగింపులో పెద్ద వాటా లగ్గుని వంచడానికే పోతే ఇంజనుని పట్టుకోవడానికి మిగిలేది ఎంత? పానాకి ఇవన్నీ తెలియవు, దానికి 45 వచ్చింది, టిక్కుమంది.

నిర్ధారణ కోసం లేత్ ఆయన దగ్గర సన్నటి కదలిక కొలిచే డయల్ గేజ్ అరువు తెచ్చా. అయస్కాంతం స్టాండు ఫ్రేము గొట్టానికి అంటించి, సూది సిలిండరు హెడ్డుకి ఆనించి, హెడ్ స్టే విప్పేసి, చెక్క కర్రతో హెడ్డుని పక్కకి నెట్టా. 0.35 మి.మీ. కదిలింది. ఆ 0.35ని ఆపే పని మొత్తం పైనున్న రెండు బక్క ప్లేట్ల మీద పడుతోంది.

సందుకి షిమ్, అంటే పల్చటి రేకు ముక్క, వేశా. బెజవాడ ఆటోనగర్‌లో 0.5, 0.1 స్టీలు షిమ్ ముక్కలు దొరికాయి. పల్చటి షిమ్‌కి నేరుగా డ్రిల్లు పెడితే రంధ్రం చిరిగి మూడుమూలలుగా వస్తుంది, అంచు లేచిపోతుంది. రెండు చెక్కముక్కల మధ్య పెట్టి, వైసులో బిగించి, చెక్కతో సహా తొలిస్తే గుండ్రంగా వచ్చింది. అంచు నూనెరాయి మీద రుద్దా. ఇప్పుడు అన్ని బోల్టులూ వదులు చేసి, కింద ముందు వెనక ఫౌండేషన్లు బిగించి, హెడ్ స్టే ఆఖరున. ఇలా బిగించాక పై ప్లేటు రంధ్రం లగ్గు రంధ్రంతో ఒకటిన్నర మి.మీ. తప్పింది. అంటే ఇన్నాళ్ళూ ఇంజనుని పైనుంచి లాగి పట్టుకుని కూర్చుంది ఆ ప్లేటు, కదలిక సంగతి తర్వాత, బండి నిలబడి ఉన్నప్పుడే అది వంగి ఉందన్నమాట. కొత్తగా 5 మి.మీ. ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు) ప్లేటులో, బోల్టు చేత్తో దూరేలా కొలిచి 8.2 రంధ్రాలు వేయించా. పాతవాటికి 9 ఉన్నాయి.

మళ్ళీ డయల్ గేజ్ పెడితే, స్టే లేకుండానే 0.10. హైవే ఎక్కి మంగళగిరి, తాడేపల్లి మీదుగా వారధి దాటి బెంజి సర్కిల్ దాకా పోయి వచ్చా. హెడ్ స్టే గీత కదల్లేదు. ఎర్రపొడి లేదు. సుద్దపొడి పరీక్షలో ప్లేట్లు శుభ్రం. కుడి అద్దంలో వెనకొచ్చే లారీ నంబరు చదవగలిగా, ఈ బండి మీద ఇది నాకు కొత్త. ఒక్కటే వెలితి: ముందు ఫౌండేషన్ నట్టు గీత 5 డిగ్రీలు జరిగింది. షిమ్ అంచులు, మిగిలిన పూత నలిగి సర్దుకుందని నా అంచనా. చల్లారాక మళ్ళీ 45కి బిగించి కొత్త గీత గీశా. ఇంకోసారి జరిగితే అంచనా తప్పని లెక్క, లగ్గు వెల్డింగు చూడాలి.

మిగతా బండంతా గీతలతోనే నడుస్తోంది. పసుపు పెయింట్ మార్కరు అయిపోతే మా చెల్లి గోళ్ళరంగు, నిజం చెప్పాలంటే అదే మెరుగు, నట్టు కదిలితే పొర విరిగి స్పష్టంగా కనిపిస్తుంది. స్టార్ట్ చేసే ముందు బండి చుట్టూ ఒక తిరుగు, టార్చితో, పానా లేకుండా. ఇండికేటర్లు, నంబరు ప్లేటు నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉన్న) నట్లతో ఎప్పుడో దారికొచ్చాయి. సైలెన్సర్ బెండ్ దగ్గర మాత్రం నైలాక్ వద్దు, 120 డిగ్రీలు దాటితే అందులో నైలాన్ మెత్తబడుతుంది. స్పోకులు పానాతో తట్టి మోత వింటా. వెనక బ్రేకు టార్క్ రాడ్డు (బ్రేకు ప్లేటు తిరగకుండా ఆపే కడ్డీ) నట్టుకి గీతతో సరిపెట్టుకోను, స్ప్లిట్ పిన్ను వేలితో తడిమి చూస్తా. అది ఊడితే బ్రేకు ప్లేటే తిరిగి చక్రం లాకైపోతుంది.

బిగుతు పానాకి తెలియని ఇంకో సంగతి మా బావ బండి మీద చూశా. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌లో మునిగిన బండి అది. నట్లు అన్నీ రాయిలా బిగుసుకున్నాయి, టార్క్ పానా పెడితే వెంటనే టిక్కు. విప్పితే మరల నిండా తుప్పు. పెట్టిన బలమంతా తుప్పు రాపిడికే పోతోంది, లోపల పట్టు ఏమీ లేదు. మునిగిన బండికి నట్టు బిగుతుగా ఉంది కదా అని వదిలేయకండి, విప్పి, వైరు బ్రష్షు కొట్టి, నూనె చుక్క వేసి మళ్ళీ బిగించాల్సిందే.

తర్వాతి పని హెడ్ స్టే బోల్టుని పొడుగు చేయడం. లగ్గుకి ఒక పక్క 25 మి.మీ. స్లీవు (బోల్టు దూరే గొట్టం ముక్క) పెడితే పట్టు పొడవు, కొత్త 5 మి.మీ. ప్లేట్లతో ఇప్పుడున్న 22 నుంచి 47కి పోతుంది, అదే బిగుతుకి బోల్టు రెట్టింపు పైన సాగుతుంది, ఏ కొంచెం నలిగినా పట్టు నిలబడుతుంది. స్లీవు వేయడానికి ట్యాంకు కింద చోటు 31 మి.మీ. ఉంది, బోల్టు తల పోను ఇరుకే. స్టెయిన్‌లెస్ బోల్టులు వేయమని చాలామంది అంటున్నారు, మెరుపు బాగానే ఉంటుంది గానీ మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 కంటే బలం తక్కువ, పైగా మర పట్టేస్తుంది. నేను జింకు పూత 8.8తోనే ఉంటా. నార్డ్‌లాక్ జంట వాషర్లు ధర చూసి ఆగా. అవి నట్టు తిరగడాన్ని ఆపుతాయి, పూత నలగడాన్ని ఆపవు, కాబట్టి ముందు స్లీవు, అవసరమైతే అవి.

స్లీవు లేత్ దగ్గరుంది, శనివారానికి ఇస్తానన్నాడు, అంటే సోమవారం. అది ఎక్కాక కొండవీడు ఘాట్ రోడ్డు. తక్కువ గేరులో ఎక్కుడు, ఇంజను బ్రేకు మీద దిగుడు, ఫౌండేషన్లకి అసలు పరీక్ష అక్కడే. డయల్ గేజ్ అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది, లేత్ ఆయన అడిగేదాకా.