వోల్డ్‌గేట్ దారిలో ఊదారంగు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు వచ్చిన కొత్తలో రెండు చలికాలాలు నేను కిటికీ తెర సరిగా తీయకుండానే గడిపాను. మన ఋతువుల లెక్కలో ఆకురాలేది శిశిరంలో, ఆ వెనకే వసంతం వచ్చి కొమ్మలు చిగురిస్తాయి. ఇక్కడ నవంబరుకల్లా రాలిపోయిన ఆకు మళ్లీ కంటబడాలంటే ఏప్రిల్ దాకా ఆగవలసిందే. ఆ నడిమి నెలలన్నీ ఒట్టి బూడిదరంగేనని నేను తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానం సాల్టేర్‌లో చెదిరిపోయింది. రైల్లో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో, 1853లో తెరిచిన ఉన్ని మిల్లు ఇప్పుడు చిత్రశాలగా మారింది; పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో 1937లో పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలు అక్కడ గోడల నిండా ఉన్నాయి. ఏళ్ల తరబడి కాలిఫోర్నియా ఎండల్లో ఈతకొలనులు గీసిన ఆయన, అరవై దాటాక యార్క్‌షైర్‌కు తిరిగివచ్చి, బ్రిడ్లింగ్టన్ దగ్గర వోల్డ్‌గేట్ అనే పాతకాలపు రోమన్ దారిని పట్టుకున్నారు. 2011 జనవరి మొదలుకొని వసంతం పూర్తిగా విచ్చుకొనేదాకా ఆ ఒక్క దారినే ఐప్యాడ్ మీద మళ్లీ మళ్లీ గీశారు. అలా 51 బొమ్మలు, వాటికి తోడు 32 కాన్వాసులు కలిపి వేసిన ఒక పెద్ద తైలవర్ణచిత్రం కలిసి ఒకే కృతి అయ్యాయి. ఐప్యాడ్ బొమ్మలను వేరుచేసి చెప్పేది వాటి తేదీలే.

నిజం చెప్పాలంటే ఆ ఐప్యాడ్ బొమ్మలన్నీ నాకు నచ్చలేదు; దగ్గరికి వెళ్తే కొన్నిటిలో గీత నున్నగా, ప్లాస్టిక్ పూలలా తోస్తుంది. నన్ను కట్టిపడేసింది తరువాత ఒక పుస్తకంలో చూసిన 2009 నాటి తైలచిత్రం. దారి పక్కన నరికి పేర్చిన దుంగలు పండిన నారింజ రంగులో ఉన్నాయి, ముందున్న మోడు ముదురు ఊదాలో ఉంది, వెనక చెట్లు నీలంగా ఉన్నాయి. మా స్నేహితురాలు దాన్ని చూసి, హోలీ ఆడి ఇంటికి వచ్చిన అడవిలా ఉందని నవ్వింది. నేనూ నవ్వాను గాని, మర్నాడు సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు, రోజూ చూసే బిర్చ్ చెట్టు చివరి రెమ్మలన్నీ కలిసి పలచని ఊదారంగు పొగలా కనిపించాయి. కొమ్మల సందున ఆకాశం పసుపుగా ఉన్నందువల్ల ఆ ఊదా మరింత తేలింది. ఆ రంగును ఆయన కల్పించలేదు, నేనే చూడలేదు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆ చెట్టును నీటిరంగుల్లో వేస్తున్నాను. మొదటి మూడు బొమ్మలు బురదగుంటలే అయ్యాయి: ఎరుపు ఆరకముందే నీలం వేశాను, ఈ చలికి కాగితం ఎంతకీ ఆరదు. నాలుగోసారి ఎరుపునూ నీలాన్నీ పళ్లెంలో కలపకుండా, తడి కాగితం మీదే పక్కపక్కన వదిలి, వాటంతట అవే కలిసేదాకా చేతులు జేబుల్లో పెట్టుకుని ఊరుకున్నాను. రెమ్మల చివర కొంచెం ఊదా నిలిచింది.

మే నెలలో ఇక్కడి హాథార్న్ ముళ్లకంచెలు పేలాలు చల్లినట్టు తెల్లగా పూస్తాయి, ఆ పూత ఎంతోకాలం నిలవదు. హాక్నీ దానికోసం కాచుకుని ఉండి, పొద్దున్నే వెళ్లి గీసేవారు. నేను ఇప్పటికే మా వీధి చివర ఒక కంచె చూసిపెట్టుకున్నాను. ప్రస్తుతానికి దాని మీద ముళ్లే ఉన్నాయి. వాటి మొదళ్లు ఎర్రగా ఉంటాయని మాత్రం ఈ వారం గమనించాను.