హాంకాంగ్‌లో పోపో వంటిల్లు

"పో పో అని పిలుస్తారేంటే పెద్దావిడని? తరిమేస్తున్నట్టుంది" అన్నాను మా చెల్లితో, హాంకాంగ్‌లో దిగిన మొదటి రోజు. చెల్లి కూతురు పడీ పడీ నవ్వింది. కాంటనీస్‌లో పోపో అంటే అమ్మమ్మట. ఊళ్ళో ముసలమ్మలందర్నీ అలాగే పిలుస్తారట. పాప అక్కడి బడిలోనే ఐదో తరగతి చదువుతోంది, ఆ భాష గడగడా మాట్లాడుతుంది. వారం రోజులూ నాకు నోరూ చెవులూ అదే.

పోపో చెల్లివాళ్ళ ఎదురు ఫ్లాట్లో ఉంటుంది. డెబ్బై దాటి ఉంటాయి. సాయ్ యింగ్ పున్ అనే ఆ పేట నిటారు కొండ, వీధులన్నీ మెట్లే. ఆవిడ చక్రాల బండి లాక్కుంటూ ఎక్కేస్తుంది, నేను రెండుచోట్ల ఆగాను.

నేను వెళ్ళేసరికి చెల్లి ఫ్రిజ్‌లో ఆవిడిచ్చిన చిన్న సీసా ఒకటుంది. ఎర్రటి నూనె, అడుగున పీచుపీచుగా ఏదో. మూత తీయగానే బందరులో మా నాయనమ్మ ఎండు రొయ్యలు దాచే జాడీ వాసన! అదే ఎక్స్‌ఓ సాస్, ఎండు సముద్రపు సరుకుని నూనెలో వేయించి చేసే కారం. పేరు చూసి మా మరిది మొదట్లో మహా సంబరపడ్డాడట. ఎక్స్‌ఓ అంటే ఖరీదైన కోన్యాక్ బ్రాందీ మీద వేసే ముద్ర, 'ఎక్స్‌ట్రా ఓల్డ్' అని. ఇందులో బ్రాందీ చుక్క కూడా ఉండదు. 1980లలో హాంకాంగ్‌లో డబ్బున్నవాళ్ళ విందు బల్లమీద ఆ బ్రాందీ సీసా ఉండటం గొప్ప. అప్పుడే పుట్టిన ఈ ఖరీదైన సాస్‌కి ఆ గొప్ప పేరు తగిలించారు. పెనిన్సులా హోటల్లోని స్ప్రింగ్ మూన్ రెస్టారెంట్‌లో పుట్టిందని ఎక్కువమంది చెబుతారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. 1992లో లీ కుమ్ కీ కంపెనీ సీసాల్లో పోసి అమ్మకానికి తెచ్చాక ఇళ్ళలోకి వచ్చేసింది. పోపో మాత్రం కొనదు, చేసుకుంటుంది.

"నేనూ చూస్తానని చెప్పవే" అన్నాను పాపతో. పోపో నన్ను పైనుంచి కిందికి చూసి, పొద్దున్న ఎనిమిదికి రమ్మంది.

డింగ్‌డింగ్ ఎక్కి వెళ్ళాం. అంటే ట్రామ్. 1904 నుంచి నడుస్తున్న ఈ బండికి దాని గంట చప్పుడే పేరైంది. వెనకనుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందువైపు డబ్బులు కట్టాలి. దిగింది డెవూ రోడ్ వెస్ట్‌లో. రోడ్డు పొడవునా ఎండు సరుకు కొట్లే: చేప తిత్తులు, సముద్రపు దోసకాయలనే ఆ నల్లటి జీవులు, ఎండు ఆల్చిప్పల మాంసం, పుట్టగొడుగులు. ఉత్తరాది సరుకూ దక్షిణాది సరుకూ చేతులు మారిన పాత వర్తకుల పేట ఇది. 'నామ్ పాక్ హాంగ్' అంటే 'దక్షిణం ఉత్తరం కొట్లు' అనే అర్థం, ఆ పేరుతో 1868లోనే సంఘం పెట్టుకున్నారు. నాకైతే బందరు గిలకలదిండి రేవులో నిలబడినట్టే ఉంది, ఏసీ ఒక్కటే తేడా.

మనకి కావలసింది ఎండు స్కాలప్‌లు. విసనకర్ర ఆకారపు చిప్పలో ఉండే జీవి అది. చిప్పని తెరిచి మూసే కండ ఒకటుంటుంది, దాన్ని ఉడికించి ఎండబెడతారు. తేనెరంగు బిళ్ళలు, చెక్కలా గట్టివి. జపాన్ ఉత్తర దీవి హొక్కైడో నుంచి వచ్చేవి మేలురకం. అట్టమీద ధర చూసి "పర్లేదే, కిలోకి ఇంతేనా" అన్నాను. "పెద్దమ్మా, అది కిలోకి కాదు, కాటీకి" అంది పాప. కాటీ అంటే దాదాపు 605 గ్రాములు, అందులో పదహారో వంతు లేంగ్. మన వీశెలూ తులాలూ పోయాయి గానీ వీళ్ళవి ఇంకా బతికే ఉన్నాయి. లెక్క తిరగేసుకుని నోరు మూసుకున్నాను.

పోపో మేలురకం డబ్బాలవైపు కన్నెత్తి చూడలేదు. మూలనున్న విరిగిన ముక్కల డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసింది. ఎలాగూ చీల్చేవే కదా, గుండ్రంగా ఉంటేనేం లేకపోతేనేం అంటుంది. మూడు లేంగ్‌లు తూయించింది. అన్నే ఎండు రొయ్యలు కూడా. మన రొయ్యపప్పు లాంటివే, కాస్త పెద్దవి, నారింజరంగువి. తర్వాత జిన్‌హువా హామ్ కొట్టు ముందు ఆగింది. ఊరబెట్టి ఎండబెట్టిన పంది తొడ అది, అసలు లెక్కప్రకారం ఈ సాస్‌లో పడాలి. మేం తినమని పాప చేత చెప్పించాను. పోపో మొహం చిన్నబోయింది. ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి వెళ్ళి ఇంకో లేంగ్ రొయ్యలు కొంది.

ఆ రోజు పని నానబెట్టడంతో సరి. మర్నాడు నానిన స్కాలప్‌లని అల్లం ముక్కలతో, కాస్త బియ్యపు సారాతో అరగంట ఆవిరిమీద పెట్టింది (మా మరిదికి దక్కిన మందు అదే). చల్లారాక చేత్తో చీల్చాలి. ఇక్కడే అసలు ఓపిక. బిళ్ళని వేళ్ళ మధ్య నలిపితే దారాలుగా విడిపోతుంది, ఆ దారాల్నీ మళ్ళీ చీల్చాలి. నేను గబగబా కత్తి తీశాను, పోపో తీసి దూరంగా పెట్టేసింది. తరిగితే నలుసులవుతాయి, పంటికింద తగలవు. గంటన్నర కూర్చున్నాం ముగ్గురం. మాటల్లేవు, అవసరమూ రాలేదు.

వంటిల్లు ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. చిన్న ఉల్లిపాయలూ వెల్లుల్లీ సన్నగా తరిగి, విడివిడిగా వేయించాలి. వెల్లుల్లి నాకప్పగించి పోపో చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మన పోపు అలవాటు కదా, ఎర్రబడేదాకా ఉంచాను. తీశాక కూడా ఆ వేడికి ఇంకా నల్లబడింది. ఆవిడ వచ్చి, ఒకటి నోట్లో వేసుకుని, గిన్నె మొత్తం చెత్తబుట్టలో ఒంపేసి, మళ్ళీ వెల్లుల్లి వలవడం మొదలుపెట్టింది. ఒక్క మాటంటే ఒట్టు. తిట్టినా బాగుండేది. లేత బంగారు రంగు రాగానే, ఇంకాస్త ఉండొచ్చు అనిపించినప్పుడే తీసేయాలని రెండోసారికి అర్థమైంది.

తర్వాత అదే నూనెలో స్కాలప్ దారాలు. పడగానే చిటపటల గోల. పోపో మంట తగ్గించి, చూడటం మానేసి చెవి పెట్టింది. చప్పుడుంటే తడి ఉన్నట్టు. సద్దుమణుగుతూ వచ్చి, గుసగుసలా అయ్యాక తరిగిన రొయ్యలు వేసింది, మళ్ళీ గోల, మళ్ళీ నిశ్శబ్దం. నానబెట్టిన నీళ్ళు పారబోయలేదు, అవీ పోసి పూర్తిగా ఇగరబెట్టింది. ఎండు మిరపకాయలు, పంచదార, చెంచాడు ఆయిస్టర్ సాస్. ఉప్పు లేదు, సముద్రంలోంచి వచ్చినవాటికి ఉప్పెందుకు? చెల్లి డబ్బాలోంచి గుంటూరు కారం తెచ్చి చూపించాను. వాసన చూసి తుమ్మి, అరచెంచా వేసింది. చివర్లో వేయించిన ఉల్లీ వెల్లుల్లీ. సీసాలు ఆరాయో లేదో వేలు పెట్టి మరీ తుడిచింది. ఆవకాయ రోజున తడి చెయ్యి పెట్టానని నాయనమ్మ వేసిన మొట్టికాయ గుర్తొచ్చింది.

కారమని పేరే గానీ, మన నాలుకకి అది కారం కాదు. ముందు తీపి, వెనక సముద్రం, ఎక్కడో చివర మంట. వేడన్నంలో కలుపుకుంటే నాకు నూనె ఎక్కువనిపించింది. మర్నాడు పోపో ముల్లంగి కోరు, బియ్యప్పిండి కలిపి ఆవిరిమీద ఉడికించిన దిమ్మని ముక్కలు కోసి, పెనం మీద అంచులు కరకరలాడేలా వేయించి, గుడ్డు కొట్టి, దించే ముందు రెండు చెంచాల సాస్ వేసి తిప్పింది. ఇది ఎప్పుడూ ఆఖర్న పడాలి, ముందే వేస్తే దారాలు మాడిపోతాయి. ఆ ముల్లంగి ముక్కల కోసం మళ్ళీ టికెట్ కొనొచ్చు.

నా వాటా రెండు సీసాలు. ఒకటి తెలివితక్కువగా చేతి సంచీలో పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టు తనిఖీలో ఆపేశారు: సాస్ కూడా ద్రవమే, 100 మిల్లీలీటర్లు దాటకూడదు. తప్పు నాదే. రెండోది పెద్ద పెట్టెలో, చీరల మధ్య క్షేమంగా హైదరాబాద్ చేరింది. బీన్స్ వేపుడుకీ, చద్దన్నంతో చేసిన ఫ్రైడ్ రైస్‌కీ వాడితే మూడు వారాల్లో ఖాళీ.

పోయిన ఆదివారం బందరు రొయ్యపప్పుతో, స్కాలప్‌లు లేకుండానే ప్రయత్నించాను. రంగు అచ్చం అలాగే వచ్చింది. సీసాకి ఎత్తి, మూత బిగించి, ఫొటో తీసి పాపకి పంపాను, పోపోకి చూపించమని. పది నిమిషాల్లో ఫోను మోగింది.

"పెద్దమ్మా, పోపో అడుగుతోంది, చల్లారకుండానే మూత పెట్టావా? సీసా లోపల పైన ఆవిరి పట్టిందట. తీసేయమంటోంది."

వెళ్ళి తీశాను. మూత లోపలంతా చెమ్మే.