హాస్టల్ చెల్లెమ్మల కోరికపై

గన్నవరంలో విమానం దిగి, గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందు కారు ఆగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆరుద్ర కార్తె వచ్చింది గానీ ఎండ మాత్రం రోహిణిలోదే. నాన్న వచ్చి గేటు తీశారు. రెండేళ్ళ తర్వాత మనవరాలిని చూసిన మనిషి "పొడుగయ్యావే" అంటారనుకున్నా. ఆయన కళ్ళజోడు సర్దుకుని, దాని టీషర్టు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, "ది పోస్టల్ సర్వీస్... ఏ డివిజనమ్మా?" అన్నారు.

నాన్న ఆర్ఎమ్ఎస్‌లో ముప్పై మూడేళ్ళు చేశారు. రైల్వే మెయిల్ సర్వీసు. సాయంత్రం విజయవాడలో బండెక్కి, రాత్రంతా మెయిల్ వ్యానులో నిలబడి ఉత్తరాలు ఊరి పేరు చూసి అరల్లోకి విసిరి, తెల్లారాక ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొచ్చేవారు. ఆ డిపార్ట్‌మెంటు పేరు గుండెల మీద వేసుకుని పదిహేనేళ్ళ మనవరాలు గుమ్మంలో నిలబడితే ఆయన మనసు ఎట్టా పొంగిందో పాపం.

"కాదు తాతయ్యా, అది బ్యాండు."

"బ్యాండు మేళమా? పోస్టల్ వాళ్ళకెందుకది?"

అన్నం తిన్నాక చెప్తాం అన్నాను. చెప్పడానికి మొత్తం వారం పట్టింది.

మా అమ్మాయికి ఈ పాటల పిచ్చి పన్నెండో ఏట పట్టింది. మేముండేది సియాటిల్ పక్కన. అక్కడికి ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర బెల్లింగ్‌హామ్ అని ఒక ఊరుంది. బెన్ గిబ్బర్డ్ అనే కుర్రాడు అక్కడ సొంతంగా పాటలు రికార్డు చేసి, 1997లో క్యాసెట్‌గా వదిలాడు. ఆ తర్వాత తోడు మనుషులు చేరి అదే బ్యాండయింది. పేరు డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు స్కూలు కౌన్సెలర్‌కి ఫోన్ చేద్దామా అనుకున్నాను. పేరులో చావు ఉంది, పిల్ల గదిలో లైటు ఆర్పుకుని వింటోంది, టెన్షన్ రాదా మరి.

అదే గిబ్బర్డ్ ఇంకో బ్యాండు కూడా పెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో జిమ్మీ టాంబరెల్లో అని ఒకాయన కంప్యూటర్ మీద సంగీతం కట్టి పోస్టులో పంపేవాడు. ఇతను దానికి మాటలు, పాట కలిపి మళ్ళీ పోస్టులో తిప్పి పంపేవాడు. అందుకే ది పోస్టల్ సర్వీస్ అని పేరు. 2003లో ఒకే మనిషి నుంచి రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, ఒక్కో బ్యాండుది ఒక్కోటి. ఇరవై ఏళ్ళు నిండాయని 2023లో రెండు బ్యాండ్లూ కలిసి ఊరూరా తిరిగి, ఆ రెండిటినీ మొదట్నించి చివరిదాకా వాయించారు. సియాటిల్ వచ్చినప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఒంటరిగా పంపలేను కాబట్టి డ్రైవర్‌గా నేను. రెండు టిక్కెట్లకి ఎంతయిందో నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

నేను గొణుక్కుంటూనే వెళ్ళాను. అప్పటికి రెండు నెలల కిందటే అది శనివారం కర్ణాటక సంగీతం క్లాసు మానేసింది. మాయామాళవగౌళ దాటి రెండు గీతాలు వచ్చాక, ఇక చాలంది. తెలుగు సంఘం ఉగాదికి స్టేజీ ఎక్కించాలన్న నా సరదా అట్టా పోయింది. మన పాటకి లేని ఓపిక వాళ్ళ పాటకి ఎక్కణ్ణుంచి వచ్చిందే అని దారి పొడుగునా సాధించాను. అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

లోపల నేను అనుకున్నట్టు లేదు. కుర్రకారు ఉంటారనుకుంటే అంతా నా వయసు వాళ్ళే. బట్టతలలు, కళ్ళజోళ్ళు, ఆఫీసు నుంచి అట్టే వచ్చినట్టున్న మనుషులు. మొదట డెత్ క్యాబ్, అందరూ నల్లబట్టల్లో. మధ్యలో కాసేపు ఆపి, మళ్ళీ వచ్చినప్పుడు అదే గిబ్బర్డ్ తెల్లబట్టల్లో, చుట్టూ వేరే మనుషులు. నేను పసుపురంగు స్పాంజి బిళ్ళలు చెవుల్లో కుక్కుకుని కూర్చున్నాను. నా పక్కసీటాయన రెండో పాటకే ఏడవడం మొదలుపెట్టాడు. ఎవరూ వింతగా చూడలేదు. 2003లో వాళ్ళకి ఇరవై, పాతిక ఏళ్ళు ఉండి ఉంటాయి. నాకూ పాతికే. ఆ ఏడే పెళ్ళయి అమెరికా వెళ్ళాను. వాళ్ళంతా దూరాల మీద రాసిన ఈ పాటలు వింటున్నప్పుడు నేను ఫోన్‌కార్డు గీకి, పిన్ నంబరు కొట్టి, అమ్మ గొంతు వచ్చేలోపు ఎన్ని నిమిషాలు అయిపోయాయో లెక్కపెట్టుకుంటున్నాను. అంత పెద్ద హాల్లో నా ఈడు వాళ్ళు వేలమంది, పాటలు రానిది నాకొక్కదానికే. మా అమ్మాయి పుట్టక ముందు పాటలు, అది నా పక్కన నిలబడి మాట పొల్లుపోకుండా పాడింది.

టీషర్టు దగ్గర మాత్రం దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంటసేపు వరసలో నిలబడితే చిన్న సైజులు అయిపోయాయన్నారు. మిగిలిందే కొనుక్కుంది. అందుకే ఇప్పటికీ అది మోకాళ్ళ దాకా వేలాడుతూ ఉంటుంది. "ఇది పిల్ల గౌనా, పోస్టుమ్యాను సంచా?" అని గుంటూరు వచ్చిన మూడోరోజు మా అమ్మ అడిగింది.

నాన్నకి వేరే అనుమానం.

"పోస్టల్ డిపార్ట్‌మెంట్ పేరు పెట్టుకుంటే డిపార్ట్‌మెంట్ ఊరుకుందా?"

ఊరుకోలేదు. అమెరికా తపాలా శాఖ, ఆ పేరు మాదని నోటీసు పంపింది. తర్వాత రాజీకొచ్చి పేరు వాడుకోనిచ్చారు, బదులుగా బ్యాండు వాళ్ళు శాఖ అధికారుల సభకి వెళ్ళి పాడి వచ్చారు. నాన్నకి ఈ ముక్క ఎంత నచ్చిందంటే, సాయంత్రం వాకింగ్‌లో కలిసే రిటైర్డు మిత్రులందరికీ చెప్పారు. "నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనే పంపి ఉంటారు, ఎక్నాలెడ్జిమెంటుతో" అని సొంతంగా ఒక ముక్క తగిలించారు కూడా.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను, దాని కింద అందరం. నాన్న దిండు నడుం కింద పెట్టుకుని, "నేనూ చూశానమ్మా ఇట్టాంటి బ్యాండు. ముగ్గురే" అన్నారు.

నాకు తెలియదు ఈ సంగతి. నలభై ఏడేళ్ళుగా ఆయన కూతుర్ని, ఎప్పుడూ వినలేదు. నేను అడిగితే కదా.

షేక్ నాజర్ బుర్రకథ. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టి, ప్రజానాట్యమండలిలో రాటుదేలి, బుర్రకథ అంటే నాజర్ అనిపించుకున్న మనిషి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. నాన్న చూసేనాటికి ఆ బిరుదు ఏమీ లేదు, పేరు మాత్రం జిల్లా అంతా మోగిపోతోంది. తెనాలి దగ్గర మా పల్లెకి వస్తున్నాడంటే చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళు కట్టుకొచ్చారట. ఏడాది 1957 అని నాన్న లెక్క. కొత్తగా నయాపైసలు వచ్చిన ఏడాది కాబట్టి బాగా గుర్తు.

"మధ్యలో కథకుడు. భుజాన తంబురా, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెట్లు పట్టుకుని. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ఆయన ముందుకి నాలుగడుగులేసి వెనక్కి వస్తుంటే వీళ్ళు తందాన తాన అని అందుకునేవాళ్ళు. పెట్రోమాక్సు లైటు చుట్టూ పురుగులు."

"త్రీ పీస్ బ్యాండ్" అంది మా అమ్మాయి లేచి కూర్చుని. "ఇండీ బ్యాండ్ తాతయ్యా అది. కంపెనీ లేదు కదా?"

"కంపెనీ ఎక్కడిది. ఊరి వాళ్ళు తలా ఇంత వేసుకున్నారు."

"మెర్చ్ ఉందా?"

"మరచెంబా? అది మా నాయనమ్మ తెచ్చింది, మంచినీళ్ళకి."

నేను, అమ్మ పడీ పడీ నవ్వాం. మెర్చ్ అంటే బ్యాండు వాళ్ళు తమ పేరుతో అమ్మే టీషర్టుల్లాంటివి అని విడమరిచి చెప్పాక నాన్న మొహం మారింది. ఆ రాత్రి కథ పుస్తకం అమ్మారట. బేడ. అంటే కొత్త లెక్కలో పన్నెండు నయాపైసలు. చొక్కా జేబులో ఉన్నవి పది. తక్కిన రెండు నయాపైసలు నాయనమ్మని అడుగుదామంటే ఆవిడ ఆడవాళ్ళ వైపు కూర్చుంది, జనాన్ని తొక్కుకుంటూ వెళ్ళేలోపు కథ మొదలైపోయింది. పుస్తకం కొనలేదు. మా అమ్మాయి తన టీషర్టు అంచు పట్టుకుని చూసుకుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నా అనువాదం పెద్దగా అవసరం పడలేదు.

కథ ఏమైందని అది అడిగింది. పల్నాటి యుద్ధం. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరేదాకా నాన్నకి తెలుసు. తర్వాత నిద్రపోయారు. మెలకువ వచ్చేసరికి చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, పక్కింటి పెద్దాయన తువ్వాలు నోట్లో కుక్కుకుని మరీ. ఎందుకో తెలియకుండానే ఈయనా ఏడ్చేశారు. మా అమ్మాయి, తన పక్కన బట్టతలాయన ఏడ్చిన సంగతి చెప్పింది. దాని తెలుగులో "అంకుల్ బాగా ఏడ్చింది". నా నోటి నుంచి నేర్చిన తెలుగు కదా, దానికి లోకంలో మగవాళ్ళే లేరు. తాతయ్య వచ్చింది, డాడీ తింది. సంగీతం మాష్టారి కంటే ముందు ఈ క్రియాపదాల మీద పడాల్సింది నేను.

"అమ్మా, నువ్వు ఏం చూశావు?" అంది ఉన్నట్టుండి.

నేనేం చూశాను. మా తరం విజయవాడ హాస్టళ్ళలో ఇంటర్ చదివిన తరం. 1994లో నా లైవ్ మ్యూజిక్ అంటే పొద్దున ఐదింటికి కొట్టే గంట. ఏమీ లేదని చెప్పబోతుంటే వినాయకచవితి గుర్తొచ్చింది.

మా హాస్టల్ వెనక వీధిలో పందిరి వేశారు. మూడో రాత్రి ఆర్కెస్ట్రా. స్టడీ అవర్ పదిన్నర దాకా. వార్డెన్ కిటికీ తలుపులన్నీ మూయించింది. "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" దగ్గర నుంచే పుస్తకాల వెనక పెదాలు కదులుతున్నాయి. తలుపుల్లోంచి గొంతు సరిగా రాదు, డ్రమ్ము దెబ్బ వస్తుంది. ఆ దెబ్బని బట్టి పాటేదో పట్టేసే పిల్ల ఒకతి ఉండేది మా రూములో, ఫిజిక్స్‌లో మాత్రం రోజూ తిట్లు తినేది. ఆ రోజుల్లో చీటీ మీద పాట పేరు రాసి, పది రూపాయల నోటు పెట్టి స్టేజీకి పంపితే, ఫలానా వారి కోరికపై అని చదివి పాడేవారు. ఆ పిల్ల చీటీ రాసింది. నోటు నాది. జడ క్లిప్పుకి రెండూ బిగించి, బాత్రూము వెంటిలేటర్ సందులోంచి కిందకి విసిరాం. పందిట్లో పిల్లలెవరో ఏరుకుపోయారు.

నాలుగు పాటలైనా మా పాట రాలేదు. పది రూపాయలు పోయాయనుకున్నాం. అప్పుడు మైకులో, "పై అంతస్తు నుంచి, హాస్టల్ చెల్లెమ్మల కోరికపై..." అని వీధి వీధంతా వినపడేలా చదివాడు మహానుభావుడు. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత నూట యాభై మంది ఆడపిల్లలు ఒక్కసారి వేసిన కేక! వార్డెన్ లేచి నిలబడింది గానీ ఎవర్ని పట్టుకుంటుంది? పాట అయ్యేదాకా మధ్యలో అట్టాగే నిలబడిపోయింది. ఆ ఆదివారం అందరికీ అవుటింగ్ కట్. ఆర్కెస్ట్రా వాళ్ళ మొహాలు నేను చూడనే లేదు.

"అమ్మా, అది బెస్ట్ షో" అంది మా అమ్మాయి.

నాన్న మాత్రం, "ఆ నెల పది రూపాయలు పోయాయని ఉత్తరం రాశావు. మనియార్డరు చేశాను" అన్నారు చీకట్లోంచి.

నేను మాట్లాడలేదు.

మా అమ్మాయి ఫోన్‌లో తను తీసిన వీడియో పెట్టింది. డెత్ క్యాబ్ 2003 ఆల్బమ్‌కి పేరిచ్చిన పాట, ట్రాన్సట్లాంటిసిజం. దాదాపు ఎనిమిది నిమిషాలు. చివర్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ పాడతాడు, హాలంతా అందుకుంటుంది. వీడియోలో సగం ముందున్నాయన వీపే. నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు.

"అందరూ వంతలే కదా ఇక్కడ" అన్నారు. "ఏందది, అన్నిసార్లు అంటున్నాడు?"

"దగ్గరికి రా అంటుంది తాతయ్యా."

"అంటున్నాడు" అని దిద్దారు. "ఎక్కణ్ణుంచి?"

"ఓషన్ అవతల నుంచి."

"రమ్మంటే అయిందా? సెలవు దొరకాలి, టిక్కెట్టు దొరకాలి. అన్నట్టు దీనికి టిక్కెట్టు ఎంతయిందే?"

అది నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"సరే, ఇంకోసారి పెట్టు. సౌండు పెంచు" అన్నారు నాన్న.