ఆదివారం వండుకుని శుక్రవారం దాకా తిన్న గుడ్లు

చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో వెళ్లివచ్చే ఉద్యోగం నాది. దాదాపు 70 కిలోమీటర్ల దారి కనుక ఆరున్నర బస్సు తప్పితే ఆ రోజు హాజరు మీద ఆశ వదులుకోవలసిందే. ఇడ్లీ పిండి సిద్ధంగా ఉన్నా చట్నీ నూరే తీరిక ఆ వేళకు ఉండదు. అందుకే ఆదివారమే గుడ్లతో టిఫిన్ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలనుకున్నాను. మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టరు కాబట్టి, సోమవారం నుంచి ఐదు పొద్దులకు పూటకు రెండు చొప్పున పది గుడ్లతో లెక్క తేలింది.

మొదటి వారం పదింటినీ ఆమ్లెట్లు పోసి, మడిచి, డబ్బాలో ఒకదానిపై ఒకటి పేర్చాను. మంగళవారానికే అడుగున నీరు ఊరింది. బుధవారం పెనం మీద వేడి చేస్తే తోలులా సాగాయి. మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది నమిలినందుకు వేరే జీతం ఇయ్యాలమ్మా" అన్నారు.

గుంతపొంగణాల పెనం వాడి చూడమన్నదీ ఆవిడే. ఆరు గుడ్లు గిలకొట్టి, ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కలిపి, నూనె రాసిన గుంతల్లో ముప్పాతిక వంతుకు మించకుండా పోస్తాను. గుడ్డు ఉడుకుతూ పొంగుతుంది గనుక అంచు దాకా పోస్తే పక్క గుంతలోకి పొర్లుతుంది. సన్నని సెగ మీద మూత పెట్టి, పైన తడి ఆరాక పుల్లతో తిప్పితే రెండో వైపు నిమిషంలో కాలుతుంది. తొలిసారి పచ్చి టమోటా ముక్కలు వేశాను. మర్నాడు పొంగణం విరిస్తే లోపలి నుంచి నీళ్లు కారాయి. ఇప్పుడు టమోటానూ ఎర్రగడ్డనూ నీరు ఇగిరేదాకా వేయించి, చల్లార్చి కలుపుతున్నాను. పొంగణాలను వేడిమీదనే మూసేస్తే మూతకు పట్టిన ఆవిరి మళ్లీ వాటిమీదే పడుతుంది. అలాగని పూర్తిగా మరిచిపోకూడదు, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. ఇవి మూడు నాలుగు రోజులకు మించి ఉంచదగినవి కావు కాబట్టి బుధవారంతో ముగిస్తాను.

మిగిలిన నాలుగు గుడ్లూ ఉడికించినవే. పెంకుతో ఉంచితే ఫ్రిజ్‌లో వారం దాకా నిలుస్తాయని తెలియక, మొదట్లో పని తగ్గుతుందని అన్నీ ఒకేసారి ఒలిచాను. జిగురు పట్టడమే కాక, పక్కనున్న పాలకు కూడా వాసన అంటింది. మరిగే నీళ్లలో పది పన్నెండు నిమిషాలు ఉంచి వెంటనే చన్నీళ్లలో వేస్తే చాలు. అంతకు మించి ఉడికితే సొనలోని ఇనుము, తెల్లసొన నుంచి వచ్చే గంధకం కలిసి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. దానివల్ల హాని లేదు గానీ చూడబుద్ధి కాదు. మరీ తాజా గుడ్లకు పెంకు సరిగా ఊడదు గనుక వీటికోసం నాలుగైదు రోజుల ముందే కొని ఉంచుతున్నాను.

ఒకసారి వీటిని బస్సులో తిందామని డబ్బా తెరిచాను. పక్క సీటులో కొండకు వెళ్తున్న పెద్దావిడ ఏమీ అనలేదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారంతే. ఆనాటి నుంచి ఇంట్లోనే తింటున్నాను. గుడ్డును నిలువునా కోసి, చెంచాడు నూనెలో కరివేపాకు, కారం వేసి, కోసిన వైపు కిందికి పెట్టి రెండు నిమిషాలు వేయిస్తే, రాత్రి మిగిలిన చపాతీలోకి చెనక్కాయల చట్నీతో సరిపోతుంది. ఆరుంబావుకు చేయి కడుక్కుంటున్నాను.