డ్యూటీ ఫ్రీలో తమ్ముడు, వీడియో కాల్‌లో నేను: తియ్యటి వైన్ ఎంచిన కథ

దుబాయ్ నుంచి వస్తూ ఏం తెమ్మంటారని తమ్ముడు అడిగితే, చెల్లెలు వెంటనే చెప్పేసింది: "వైన్ తేరా, కానీ తియ్యగా ఉండాల." పోయినసారి ఎవరో ఇచ్చిన రెడ్ వైన్ వగరుకు అందరం మొహాలు చిట్లించాం మరి. ఇలాంటివి అంతో ఇంతో చదివేది నేనే కాబట్టి, ఎంచే పని అనంతపురంలో ఉన్న నా నెత్తిన పడింది.

విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తలా 2 లీటర్ల మద్యమే తెచ్చుకోవచ్చు. అంటే 750 మి.లీ. సీసాలు రెండు, పైన 375 మి.లీ.ది ఒకటి. తెరిచేది బెంగళూరులో చెల్లెలింట్లోనే అని ముందే అనుకున్నాం. సీసాలు కారులో పెట్టుకుని ఆంధ్ర సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటించే తంటా ఎవరు పడతారు?

పండ్ల వాసన గుమ్మని వచ్చినంత మాత్రాన వైన్ తియ్యగా ఉండాలని లేదు. ద్రాక్షలోని చక్కెరను ఈస్టు తినేస్తేనే ఆల్కహాల్ తయారవుతుంది. మొత్తం తినేస్తే వాసన ఉంటుంది, తీపి ఉండదు. మధ్యలో ఆపితేనే తీపి మిగిలేది. ఎలా ఆపారన్న దాన్నిబట్టి రకం మారిపోతుంది. ఇటలీలోని పీడ్‌మాంట్‌లో చేసే మస్కాటో ద’ఆస్తికి రసాన్ని బాగా చల్లబరిచి, ఈస్టును వడకట్టేస్తారు. అందుకే ఆల్కహాల్ 5 శాతం దగ్గరే ఆగుతుంది, సన్నటి బుడగలు ఉంటాయి. పోర్చుగల్‌లో చేసే పోర్ట్ వైన్‌లో అయితే పులుస్తుండగానే ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ పోసి ఈస్టును చంపేస్తారు. తీపి మిగులుతుంది, ఘాటు 20 శాతం దాకా పోతుంది. రెండూ తియ్యటివే అయినా ఒకే గ్లాసు కొలతలో తాగేవి కావు.

తమ్ముడు షాపులోంచి వీడియో కాల్ చేశాడు. మస్కాటో వెంటనే దొరికింది. చిన్న సీసాకు వాడు ఐస్ వైన్ చూపించాడు. చెట్టు మీదే గడ్డకట్టిన ద్రాక్షను పిండి, ఆ రసంతో చేసేది అది. పండుకు రసం చుక్కలే వస్తాయి, ధర కూడా అట్లే ఉంది. వద్దన్నాను, బుడ్డి పోర్ట్ తీసుకోమన్నాను.

చిక్కంతా రీస్లింగ్ అనే జర్మనీ తెల్ల వైన్ దగ్గరే వచ్చింది. పక్కపక్కనే రెండు సీసాలు, రెండింటి మీదా ‘ష్పేట్‌లేజె’ అనే ఉంది. ఆలస్యంగా కోసిన పండుతో చేసినదని దానర్థం. "అక్కా, బిరీన చెప్పు, గేటు దగ్గరికి రమ్మని పిలుస్తాండారు" అని వాడి తొందర. లేబుల్ దగ్గరగా చూపించమన్నాను. ఒకదాని మీద చిన్న అక్షరాల్లో ‘ట్రాకెన్’ అని, కింద 12.5 శాతం అని ఉంది. అంటే చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్ అయిపోయింది, తీపి ఉండదు. రెండోది 8 శాతమే. అదే వేసుకోమన్నాను. స్పిరిట్ కలపని వైన్లలో ఆల్కహాల్ తక్కువుంటే తీపి మిగిలిందనుకోవచ్చు. పోర్ట్‌కు ఈ లెక్క పనికిరాదు.

బెంగళూరులో మస్కాటోను బాగా చల్లబరిచి ముందు పోశాం. అమ్మ వాసన చూసి "మల్లెపూల మాదిరుందే" అని పక్కన పెట్టేసింది. మా మరిదికి మాత్రం "ఇది కూల్‌డ్రింకే" అనిపించింది. రీస్లింగ్‌లో తీపితో పాటు పులుపు కూడా గట్టిగా ఉంటుంది, అందుకే రెండో గుక్కకు మొహం మొత్తదు. కారంగా చేసిన కోడి వేపుడుతో నాకైతే అన్నిటికంటే అదే నచ్చింది. చెల్లెలు ఓళిగలు కూడా చేసింది. బెల్లం తీపి ముందు మస్కాటో ఉత్త పుల్లనీళ్లయిపోయింది. తినేదాని కంటే వైన్ తియ్యగా లేకపోతే అంతే. పోర్టే నిలబడింది, అదీ తలా రెండు గుక్కలు. మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. ఆ ఘాటుకు కొన్ని వారాలు చెడదు. మస్కాటోను దాచే అవసరమే రాలేదు. కూల్‌డ్రింక్ అన్న మా మరిదే చివరి గ్లాసు పోసుకున్నాడు.