మోమో దిగిన దారిలో పైకి

న్యూ జల్పాయిగురి స్టేషన్లో దిగే పర్యాటకుల్లో ఎక్కువమంది డార్జిలింగ్‌కో గ్యాంగ్‌టక్‌కో జీపు మాట్లాడుకుంటారు. మేం కాలింపాంగ్‌కి మాట్లాడుకున్నాం. అక్కణ్ణుంచి పెడాంగ్, రెనాక్, రొంగ్లి, జులుక్, నాథాంగ్ మీదుగా సిక్కింలో టిబెట్ సరిహద్దు దగ్గరుండే కుపుప్ దాకా వెళ్ళాలని ప్లాను. ట్రావెల్స్ వాళ్ళు దీన్ని ‘ఓల్డ్ సిల్క్ రూట్’ అని అమ్ముతున్నారు. ఈ దారిన పట్టు కంటే ఉన్నే ఎక్కువ నడిచింది. కానీ ‘ఉన్ని రూట్’ అంటే ఎవరొస్తారు?

మమ్మల్ని ఇటు లాగింది ఒక పిల్లల నవల. లూయీజ్ ర్యాంకిన్ రాసిన ‘డాటర్ ఆఫ్ ది మౌంటెన్స్’. 1948లో అమెరికాలో అచ్చయింది, మరుసటి ఏడాది పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ గౌరవం దక్కింది. కథ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. మోమో అనే టిబెటన్ పిల్లకి ఎర్రబంగారు రంగు లాసా టెర్రియర్ కుక్క కావాలని ఆశ. మనలాంటి పేదవాళ్ళకి అంత ఖరీదైన కుక్క ఎక్కడిదే అంటారు అందరూ. కానీ దొరుకుతుంది. దాని పేరు పెంపా. కొన్నాళ్ళకి ఒక వ్యాపారి దాన్ని దొంగిలించి కిందికి పట్టుకుపోతాడు. ఆ పిల్ల ఒక్కతే వర్తకుల దారి పట్టుకుని, మంచుకొండల నుంచి కలకత్తా దాకా కుక్కని వెతుక్కుంటూ దిగుతుంది.

మాది ఖరగ్‌పూర్. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం. కలకత్తా మాకు పక్క ఊరి లెక్క. కాబట్టి ఈ కథ మా అమ్మాయికి మా ఊరి పక్కన ముగిసే కథ. పుస్తకం పూర్తి చేసి అది అడిగిన ప్రశ్న ఒక్కటే. “అంత చిన్నపిల్ల ఒక్కతే అంత దూరం ఎలా వెళ్ళిందమ్మా? దాన్నెవరూ ఎత్తుకుపోలేదా?” కథ కదా అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. నిజానికి నాకూ నచ్చలేదు.

పూజా సెలవులు కలకత్తా జనానికి వదిలేసి, దీపావళి వారంలో బయల్దేరాం. తీస్తా పక్కన రోడ్డు ఇంకా గాయాలతోనే ఉంది. 2023 అక్టోబర్ 4న ఉత్తర సిక్కింలో దక్షిణ లోనాక్ హిమ సరస్సు గట్టు తెగి వచ్చిన వరద ఈ లోయనంతా కుమ్మేసింది. తీస్తా బజార్ దగ్గర నది మేట వేసుకుని ఇళ్ళ ఎత్తుకి వచ్చేసింది. కొన్ని చోట్ల రోడ్డు సగమే ఉంటుంది, ఆ సగం మీదే లారీలూ జీపులూ వంతులు వేసుకుంటాయి. మా ఆయన రైల్వే మనిషి. కిటికీలోంచి తలపెట్టి గేల్‌ఖోలా స్టేషన్ ఎక్కడుండేదా అని వెతకడమే ఆయన పని. డార్జిలింగ్ బుల్లి రైలు కంపెనీ వాళ్ళదే ఒక శాఖ 1915 నుంచి సిలిగురి మీదుగా ఈ లోయలో గేల్‌ఖోలా దాకా నడిచేదట. కాలింపాంగ్ ఉన్ని బేళ్ళు కిందికి దిగి ఆ రైలెక్కేవి. 1950 వరదల్లో లైను కొట్టుకుపోయింది, మళ్ళీ వెయ్యలేదు.

కాలింపాంగ్ నాలుగు వేల అడుగుల ఎత్తున ఉంటుంది. చలి పెద్దగా లేదు, పూల కుండీలు, స్కూలు యూనిఫారాలు, మోమోల బండ్లు. (మోమో అంటే తినేది అనుకునే మా అమ్మాయి, పుస్తకంలో పిల్ల పేరు చూసి మొదట్లో తెగ నవ్వింది.) ఇది టిబెట్ ఉన్ని వ్యాపారానికి కొస ఊరు. లాసా వైపు నుంచి కంచర గాడిదల బిడార్లు వారాల తరబడి నడిచి ఇక్కడికొచ్చేవి. ఇక్కడ ఉన్నిని ఏరి, శుభ్రం చేసి, కట్టలు కట్టి కలకత్తా రేవుకి పంపేవారు. అందులో చాలా భాగం అమెరికాలో తివాచీలయ్యేది. పదో మైలు అనే పేటలో ఇప్పుడున్నవి బట్టల కొట్లూ ఫోన్ల కొట్లూను. కొన్ని చోట్ల లోపలికి తొంగిచూస్తే పెద్ద వాకిలీ, చుట్టూ గోదాముల్లాంటి పొడుగాటి గదులూ కనిపిస్తాయి. అంతకు మించి ఏ బోర్డూ లేదు.

ఆ రోజుల్లో ఇది వార్తల ఊరు కూడా. తార్చిన్ అనే ఆయన 1925 నుంచి ఇక్కడ టిబెటన్ భాషలో పత్రిక నడిపాడు. బిడార్లతో పాటు అది కొండలెక్కి లాసా చేరేది. 1910లో చైనా సైన్యం లాసాకొస్తే పదమూడో దలైలామా జెలెప్ లా కనుమ దాటి ఇటే తప్పించుకొచ్చాడు. ఆ లెక్కన మోమో కంటే ముందు మోమో దారిలో దిగిన పెద్దమనిషి ఆయనే.

తిర్పాయ్ కొండ మీద థర్పా చోలింగ్ మఠం దగ్గర మా అమ్మాయి కోరిక తీరింది. మెట్ల పక్కన ఒక ఇంటి అరుగు మీద లాసా అప్సో, అంటే పుస్తకంలోని లాసా టెర్రియరే. కళ్ళ మీదికి జుట్టు, కాళ్ళు కనపడని బొచ్చు, రంగు మాత్రం తెలుపూ బూడిదా. మమ్మల్ని చూసి దాని సైజుకి నాలుగింతల గొంతుతో మొరిగింది. అదే దాని ఉద్యోగం. పాత టిబెటన్ ఇళ్ళలో గుమ్మం బయట పెద్ద కాపలా కుక్కని గొలుసుతో కట్టేవారు, లోపల ఈ బుల్లిది తిరుగుతూ ఉండేది. కొత్త అడుగు చప్పుడు వినగానే లోపలిది మొదలుపెట్టాలి. ఇవి అంగట్లో కొనే కుక్కలు కావు, ఎక్కువగా కానుకగా చేతులు మారేవి. 1933లో పదమూడో దలైలామా ఒక అమెరికన్ దంపతులకి జత పంపాడు. అమెరికాలో ఈ జాతికి మొదలు వాటితోనే. పేదపిల్ల ఇంట్లో ఇలాంటి కుక్క ఉందంటే వ్యాపారి కన్ను ఎందుకు పడిందో ఇక్కడ తెలుస్తుంది. ఇంటావిడ బయటికొచ్చి, “లోపలికి రా, కరవదు” అని మా అమ్మాయిని హిందీలో పిలిచింది. అరగంట వరకు మేం మఠానికి పోలేదు.

అల్గరా, పెడాంగ్ దాటి రిషీ నది వంతెన ఎక్కితే సిక్కిం. రొంగ్లిలో పర్మిట్. ఫొటోలు, గుర్తింపు కార్డుల జిరాక్సులు డ్రైవర్ చేతిలో పెట్టి మేం టీ తాగాం. అది సరిహద్దు ప్రాంతం కాబట్టి పర్మిట్ లేకుండా లింగ్తం చెక్‌పోస్టు దాటనివ్వరు. లింగ్తం నుంచి ఎక్కుడు మొదలవుతుంది. పదమ్‌చెన్ దగ్గర అడవి, పొగమంచు, చెవులు దిబ్బడ. పది వేల అడుగుల దగ్గర జులుక్.

నరక చతుర్దశి నాడు జులుక్‌లో ఉన్నాం. ఇంటి దగ్గరైతే చీకటితోనే నువ్వుల నూనె, తలంటు, టపాకాయలు. ఇక్కడ నీళ్ళు ముట్టుకుంటేనే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తలంటు రేపటికి వాయిదా అని నేనే ప్రకటించాను. పొద్దున్నే వాకిట్లో చప్పుడైతే చూశాం. హోమ్‌స్టే దీదీ పళ్ళెంలో బియ్యం, పెరుగు, ఎర్ర రంగు కలిపిన టీకా పెట్టుకుని కూర్చుంది. ముందు వరసలో మూడు కుక్కలు. బాగా బొచ్చున్న భోటియా కుక్కలు, రెండు పెద్దవి, ఒక కుంటిది. ఒక్కోదాని నుదుట టీకా దిద్ది, మెడలో బంతిపూల దండ వేసి, మాంసం ముక్కలూ, బియ్యప్పిండితో చుట్టలా వేయించే సేల్ రొటీ పెట్టింది. నేపాలీల తీహార్ పండగలో రెండో రోజు కుక్కలది, కుకుర్ తీహార్. ముందు రోజు కాకులది. మనం నరకాసురుణ్ణి తగలేసే రోజున వీళ్ళు యముడి వాకిట కాపలా ఉండే జంతువుకి పూజ చేస్తారు.

వీధి కుక్కల్ని కూడా వదల్లేదు. ఊరంతా దండలేసుకున్న కుక్కలే. మిలిటరీ లారీల పక్కన, టీ బడ్డీల కింద, రోడ్డు మలుపుల్లో. మధ్యాహ్నానికి సగం కుక్కలు తమ దండలు తామే తినేశాయి. మా అమ్మాయి దీదీ దగ్గర ఒక దండ అడిగి కుంటి కుక్కకి ఇంకోటి వేసింది. “దీని పేరు ఈ రోజు పెంపా” అంది. దీదీకి అర్థం కాకపోయినా తలూపింది. పుస్తకం చదివితే మోమోది కొంచెం మొండి పట్టు అనిపిస్తుంది, ఒక కుక్క కోసం ఇంతదూరమా అని. జులుక్‌లో ఆ పొద్దున చూశాక ఆ సందేహం నాకు లేదు.

జులుక్ పైన రోడ్డు జిలేబీ చుట్టలా పైకి లేస్తుంది. థంబీ వ్యూ పాయింట్ నుంచి ఆ మలుపులన్నీ ఒకేసారి కనపడతాయి, తెల్లవారుజామున అయితే ఎదురుగా కాంచన్‌జంగా ఎర్రబడుతుంది. అందరూ దిగి ఫొటో తీసుకుంటారు, మేమూ తీసుకున్నాం. దాని గురించి ఇంతకంటే రాయను, ఫోన్లలో బోలెడు ఉన్నాయి. నేను చూసింది రోడ్డు పక్కనుండే పాత కాలిబాట. మలుపుల్ని కోసుకుంటూ నిటారుగా దిగుతుంది. అక్కడక్కడా పరిచిన రాళ్ళు మిగిలున్నాయి. గాడిదలు నడిచింది దాని మీద.

నాథాంగ్ పదమూడు వేల అడుగుల పైన. చెట్లుండవు. పసుపుపచ్చ గడ్డి, రేకుల కప్పుల ఇళ్ళు, జెండాలు. తలనొప్పి మొదలైంది. పక్క బండిలో బెంగాలీ కుటుంబం మాకు కర్పూరం పొట్లం ఇచ్చి వాసన చూడమంది. ఈ కొండల్లో బెంగాలీలందరి జేబుల్లోనూ కర్పూరం ఉంటుంది. పనిచేస్తుందో లేదో గానీ గుళ్ళో ఉన్నట్టుంది.

ఊరి దగ్గరే చిన్న బ్రిటిష్ శ్మశానం. 1888లో టిబెటన్లు లింగ్తూ కొండ మీద కోట కట్టుకుని దారి మూసేస్తే బ్రిటిష్ వాళ్ళు సైన్యంతో ఖాళీ చేయించారు. తర్వాత టిబెటన్లు నాథాంగ్ మీదికి వచ్చారు, ఓడిపోయారు. 1903 డిసెంబర్లో యంగ్‌హజ్బెండ్ నడిపిన బ్రిటిష్ దండు ఇదే దారిన జెలెప్ లా ఎక్కి, మరుసటి ఏడాది లాసా చేరింది. ఉన్ని, టీ, ఉత్తరాలు, ఫిరంగులు అన్నీ ఇటే నడిచాయి.

రాత్రి బుఖారీ పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు ఇంటి తాతగారు చెప్పిన మాటల్లోనే మా అమ్మాయి ప్రశ్నకి జవాబు దొరికింది. ఆయన చిన్నతనంలో దారి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదట. ముందు నడిచే గాడిద మెడలో గంట, ఆ గంట మోత కొండ అవతల నుంచే వినపడేది. ఒక్కో మజిలీలో టీ కాచేవాళ్ళు, గడ్డి అమ్మేవాళ్ళు, రాత్రికి చోటిచ్చేవాళ్ళు. కుపుప్ నుంచి కాలింపాంగ్ దాకా ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆగుతారో అందరికీ తెలుసు. “పిల్ల తప్పిపోతే?” అని అడిగాను. “ఎక్కడికి తప్పిపోతుంది? ముందు బిడారు, వెనక బిడారు” అన్నాడాయన. మోమో ధైర్యం సగమైతే, ఆ దారి రద్దీ మిగతా సగం. కుక్కని దొంగిలించిన వ్యాపారి వెళ్ళిందీ అదే రద్దీలో, కాబట్టి వాడి జాడ చెప్పడానికి మనుషులున్నారు. ఇప్పుడు జులుక్ నుంచి ఇక్కడికి వస్తుంటే మాకు కనపడింది మిలిటరీ కాన్వాయ్‌లూ టూరిస్టు జీపులే. నడిచే మనిషి ఒక్కడూ లేడు.

మర్నాడు పాత బాబా మందిరం, హర్భజన్ సింగ్ అనే జవాను పేరిట కట్టిన గుడి, అక్కడ మెట్ల దగ్గర ఒక జవాను మా తెలుగు విని ఆగిపోయాడు. శ్రీకాకుళం జిల్లా. “ఏటండీ, ఈ చలిలో పిల్లనెట్టుకుని వచ్చీసారు?” అన్నాడు. కుక్క కథ చెబితే పకపకా నవ్వి, “మా పోస్టులో ఉన్నాయండి కుక్కలు, బిస్కెట్లన్నీ వాటికే” అన్నాడు. ఇంటి సంగతులు అడిగితే వాళ్ళ ఊళ్ళో ఈ రోజు దివ్విదివ్విట్లు కొడతారని చెప్పి, టైము చూసుకుని వెళ్ళిపోయాడు.

కుపుప్ దగ్గర ఏనుగు ఆకారంలో సరస్సు. దాని పైన రెండు కొండల మధ్య పల్లంలా కనపడేదే జెలెప్ లా అని డ్రైవర్ చూపించాడు. దాదాపు పద్నాలుగు వేల అడుగులు. అవతల చుంబీ లోయ, టిబెట్. 1962 యుద్ధంతో మూతపడింది, కాలింపాంగ్ ఉన్ని వ్యాపారం దాంతోనే పోయింది. పక్కనున్న నాథూ లా కనుమని 2006లో కొద్దిపాటి వర్తకానికి తెరిచారు గానీ ఇది మూసే ఉంది. మాకు అంతకు ముందుకి పర్మిట్ లేదు. గాలి కోత పెడుతోంది. జీపెక్కేశాం.

తిరుగు రైల్లో మా ఆయన కాగితం మీద గీతలు గీసి మా అమ్మాయికి పాఠం మొదలెట్టారు. మోమో కాలంలో సిలిగురి నుంచి కలకత్తాకి రైళ్ళు హల్దీబారి, పార్వతీపూర్, పద్మ మీద హార్డింజ్ వంతెన దాటి తిన్నగా సియాల్దా చేరేవి. ఆ దారిలో ఎక్కువ భాగం ఇప్పుడు బంగ్లాదేశ్. పుస్తకం అచ్చయ్యేసరికే దేశ విభజన జరిగిపోయింది. 1965 యుద్ధంతో హల్దీబారి దగ్గర పట్టాలు తెగాయి, 2020 డిసెంబర్లో గూడ్సు కోసం మళ్ళీ కలిపారు. మన రైలు మాత్రం ఫరక్కా మీదుగా చుట్టు తిరిగి పోతోంది.

అది కాగితం తిప్పి తిప్పి చూసింది. “అంటే ఇప్పుడైతే మోమోకి పైన కొండ దగ్గరో పాస్‌పోర్టు, కింద రైలుకో పాస్‌పోర్టు కావాలి.”

“వీసా కూడా,” అన్నారాయన.

“మరి పెంపాకి?”

“టీకా సర్టిఫికెట్టు. గార్డు బోగీలో బుక్ చెయ్యాలి, మనతో బెర్త్ మీద ఎక్కించనివ్వరు.” రైల్వే మనిషి కదా, రేటు కూడా చెప్పబోయారు. అది అప్పటికే పై బెర్త్ ఎక్కి పడుకుంది.