పెట్టెలు మార్చే ఉద్యోగం

మా పిన్ని కూతురు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ఎగుమతుల విభాగంలో చేస్తుంది. నేను నెదర్లాండ్స్‌లో రీప్యాకింగ్ కంపెనీలో క్వాలిటీ చూస్తాను. "అంత దూరం పోయి నువ్వు చేసేది పెట్టెలు మార్చడమా అక్కా?" అని ఏడిపిస్తుంటుంది. నిజమే, పెట్టెలే. కాకపోతే పెట్టె మార్చాలా, స్టిక్కర్ వేస్తే చాలా అన్న దాని మీద లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం నలభై ఏళ్లకు పైగా తీర్పులిస్తూనే ఉంది.

మందుల ధరల సంగతి ఏ దేశ ప్రభుత్వం ఆ దేశంలో చూసుకుంటుంది. అందుకే ఒకే కంపెనీ మాత్ర స్పెయిన్‌లో ఒక రేటు, ఇక్కడ ఒక రేటు. మా వాళ్లు అక్కడి హోల్‌సేలర్ దగ్గర కొని, డచ్ లీఫ్లెట్ పెట్టి, అసలు కంపెనీ కన్నా కాస్త తక్కువకు ఇక్కడ అమ్ముతారు. పారలల్ ఇంపోర్ట్ అంటే ఇదే. మా సరుకుతో మాకే పోటీయా అని ఆ కంపెనీలకు ఒళ్లు మంట. కానీ దీన్ని కోర్టు 1974లోనే తేల్చేసింది. సెంట్రాఫార్మ్ అనే డచ్ కంపెనీ నెగ్రామ్ అనే మూత్ర ఇన్‌ఫెక్షన్ మందును ఇంగ్లండ్‌లో చవగ్గా కొని ఇక్కడ అమ్మితే, పేటెంట్ ఉన్న స్టెర్లింగ్ డ్రగ్ కోర్టుకెక్కింది. ఉమ్మడి మార్కెట్‌లో ఎక్కడో ఒకచోట నీ ఇష్టంతోనే అమ్ముకున్నావు కదా, ఆ సరుకు మీద నీ హక్కు అక్కడితో తీరింది, ఇంకో దేశపు పేటెంట్ చూపించి ఆపడానికి లేదు అంది కోర్టు. అదే రోజు ట్రేడ్‌మార్క్ విషయంలోనూ అదే మాట చెప్పింది. విచిత్రం చూడండి, బ్రెగ్జిట్ అయ్యాక 2021 నుంచి ఆ ఇంగ్లండ్ దారే మాకు మూసుకుపోయింది.

పేటెంట్ గొడవ అలా తేలినా, పెట్టె మార్చి మళ్లీ అదే బ్రాండ్ పేరుతో అమ్మొచ్చా అన్న గొడవ తేలలేదు. మా దగ్గర జరిగేది ఇదీ: స్పెయిన్ పెట్టె సీలు కోస్తారు, స్పానిష్ లీఫ్లెట్ తీసేస్తారు, బ్లిస్టర్ మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ పెట్టె మీద ఉన్నవాటితో కలిశాయో లేదో చూస్తారు. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి పెట్టెకూ విడిగా ఒక కోడ్ ఉంటోంది కాబట్టి పాతదాన్ని సిస్టమ్‌లో రద్దు చేసి కొత్తది ఎక్కించాలి. మా పెట్టె మీద ఆర్‌వీజీ నంబరు (మందుకు ఇక్కడిచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) మధ్యలో రెండు ఏటవాలు గీతలుంటాయి. అవి కనబడితే ఇది పారలల్ సరుకని ఫార్మసీ వాళ్లకు తెలిసిపోతుంది.

మందుల కంపెనీ బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్‌కూ, మాలాగే పారలల్ ఇంపోర్ట్ చేసే పారానోవాకూ మధ్య 1996లో వచ్చిన తీర్పు మాకు పెద్దబాలశిక్ష. లోపలి మందు చెడకూడదు, తయారు చేసిందెవరో ప్యాక్ చేసిందెవరో పెట్టె మీద రాయాలి, పెట్టె నాసిగా ఉండి బ్రాండ్ పరువు తీయకూడదు, అమ్మే ముందు అసలు కంపెనీకి నోటీసివ్వాలి, అడిగితే నమూనా పంపాలి. వీటన్నిటికంటే ముందు, ప్యాకింగ్ మార్చడం నిజంగా అవసరమై ఉండాలి. ఆ "అవసరం" దగ్గరే లాయర్లకు భోజనం దొరుకుతుంది. 2022 నవంబర్‌లో నోవార్టిస్, బేయర్ కేసుల్లో కోర్టు మళ్లీ అక్కడికే వచ్చింది: సీలు తీసి మళ్లీ వేసిన గుర్తు కనబడుతోందన్న ఒక్క కారణంతో కొత్త పెట్టె వేయకూడదు, ఆ గుర్తు రీప్యాకింగ్ వల్లే వచ్చిందని స్పష్టంగా ఉంటే పాత పెట్టె చాలు, కొనేవాళ్లు గట్టిగా వద్దంటే అప్పుడు చూద్దాం అని. ఆ తీర్పు వచ్చాక మా ఆఫీసులో మీటింగులే మీటింగులు.

మాత్రకున్న ఈ స్వేచ్ఛ నాకు లేదు లెండి. స్పెయిన్‌లో అమ్ముడైన మాత్ర ఇక్కడికొస్తుంది, ఇక్కడిది జర్మనీ పోతుంది. నా వర్క్ పర్మిట్ మాత్రం ఈ ఒక్క దేశానిది. శనివారం సరిహద్దు దాటి జర్మనీలో సరుకులు తెచ్చుకోవచ్చు, అక్కడ ఉద్యోగం చేయాలంటే మళ్లీ మొదటికే.

"మరి మా దగ్గర్నుంచి కొనరేం అక్కా?" అంది చెల్లి. కొనలేం. హక్కు తీరిపోవడమనేది యూరప్ కంచె లోపల అమ్మిన సరుకుకే. 1998లో సిల్హౌట్ అనే ఆస్ట్రియా కళ్లజోళ్ల కంపెనీ కేసులో అది ఖరారైంది. మోడల్ పాతబడిన 21,000 ఫ్రేములను బల్గేరియాకు అమ్మితే, అవి తిరిగొచ్చి ఆస్ట్రియాలోనే ఒక చవక దుకాణంలో తేలాయి. బల్గేరియా అప్పటికి యూనియన్‌లో లేదు. యజమానే స్వయంగా అమ్మినా సరే, కంచె బయట అమ్మితే హక్కు తీరదని కోర్టు చెప్పింది.

అంతకంటే నాకు మింగుడుపడనిది 2008 డిసెంబర్ సంగతి. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన లోసార్టాన్ అనే బీపీ మందు సరుకు బ్రెజిల్ పోతూ ఆమ్‌స్టర్‌డామ్ స్కిఫోల్ విమానాశ్రయంలో దిగింది. మన దేశంలో దానికి పేటెంట్ లేదు, బ్రెజిల్‌లోనూ లేదు. నెదర్లాండ్స్‌లో ఉంది. కస్టమ్స్ పట్టుకుంది, చివరికి సరుకు ఇండియాకే తిరిగొచ్చింది. అప్పటి డచ్ కోర్టుల వాదన ఏమిటంటే, దారిలో ఉన్న సరుకును ఇక్కడే తయారైనట్టు అనుకోవాలట! ఇక్కడ నిజంగా అమ్ముకుందామంటే పరాయి సరుకు, పట్టుకోవడానికి మాత్రం సొంత సరుకు. 2010లో భారత్, బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 2011 జులైలో భారత్‌తో యూరప్ ఒక అవగాహనకు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఫిలిప్స్, నోకియా కేసుల్లో యూరప్ కోర్టు ఆ "ఇక్కడే తయారైనట్టు" వాదనను కొట్టేసింది. యూరప్‌లో అమ్మబోతున్నారన్న ఆధారం ఉంటే తప్ప దారిలో పోయే సరుకు జోలికి వెళ్లకూడదంది.

చెల్లి ఇదంతా విని పెద్దగా ఆశ్చర్యపోలేదు. వాళ్ల షిప్పింగ్‌లో పాతవాళ్లు ఇప్పటికీ బ్రెజిల్ సరుకు బుక్ చేసే ముందు విమానం ఎక్కడ ఆగుతుందో చూస్తారట. ఆమ్‌స్టర్‌డామ్ అని ఉంటే, రేటు తక్కువైనా సరే, ఇంకో కొటేషన్ అడుగుతారట.